ఎన్ని గంటలకి?

"ఎన్ని గంటలకి?"

ఇరవై రెండేళ్లుగా ప్రతి సోమవారం ఉదయం, కాఫీ కప్పు అందుకుంటూ పేపర్లోంచి తలెత్తకుండా భర్త అడిగే మాట ఇది. కొత్తవాళ్లెవరైనా వింటే, పాపం పెళ్లానికి రాత్రి ఎన్ని గంటలకి నిద్రపట్టిందో కనుక్కుంటున్నాడు, ఎంత ప్రేమో అనుకుంటారు. ఆయన అడిగేది ఆమెకి విరేచనం ఎన్ని గంటలకి అయిందని.

"వేసుకున్న ఎనిమిదిన్నర గంటలకి."

"మెలిపెట్టిందా?"

"కొంచెం."

"ఎన్నిసార్లు?"

"మూడు."

ఆయన "ఊఁ" అని పేజీ తిప్పుతాడు. ఆ "ఊఁ"కి అర్థం వెతకనక్కర్లేదు. ఆకు తగ్గించాలో, కాయ పెంచాలో, సోంపు ఇంకాస్త కలపాలో ఆమే చూసుకుంటుందని ఆయనకి తెలుసు. ఆ మందు గురించి ఆయనకి గట్టిగా తెలిసింది ఆ ఒక్కటే.

మందు గురించి చెప్పాలి. ఆయన మూలికా వైద్యుడు. తాతగారి నాటి నుంచి ఆ ఇంటికి వచ్చిన పేరంతా ఒక్క పొడి మీద నిలబడింది. క్యాన్సర్ ముదిరిపోయి, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు చెప్పేసిన వాళ్లకి నొప్పి తెలియకుండా మార్ఫిన్ ఇస్తారు. ఆ మార్ఫిన్ నొప్పితో పాటు పేగుల్ని కూడా నిద్రపుచ్చుతుంది. వారం, పది రోజులు కడుపు కదలదు. చావుకి సిద్ధపడి, పిల్లలకి చెప్పవలసిందంతా చెప్పేసి, కళ్లు మూసుకుని పడుకున్న మనిషి కూడా ఆ బాధ దగ్గర మాత్రం చిన్నపిల్లలా ఏడుస్తాడు. అది బయటికి చెప్పుకునే బాధ కాదు. అలాంటి వాళ్లకి ఈ పొడి. సునాముఖి ఆకు, సునాముఖి కాయ, సోంపు, శొంఠి, అతిమధురం. ఆకు ప్రభావం మొరటుది, కాయది మెత్తనిది. ఆకు ఏ నెలలో కోశారు, ఎంత ఎండింది అన్నదాన్ని బట్టి దాని బలం మారిపోతుంది. కొంచెం తక్కువైతే పొడి పనిచేయదు, ఎక్కువైతే ఆ నీరసపు ప్రాణాలు తట్టుకోలేవు. అందుకని కొత్త విడత దంచినప్పుడల్లా ఎవరో ఒకరు ముందు వేసుకుని చూడాలి.

డబ్బా మీద ఒక వాక్యం అచ్చు వేయించి ఉంటుంది: "ప్రతి విడతా వైద్యులు స్వయంగా తమ ఒంటి మీద పరీక్షించిన మందు." సభల్లో ఆయన ఆ మాటని ఇంకా అందంగా చెబుతాడు. "నా రోగి నోట్లో పడేముందు అది నా నోట్లో పడాలి. నా ఒళ్లే నా ప్రయోగశాల!" అనగానే చప్పట్లు. ఆయన జన్మలో ఆ పొడి చిటికెడు నాలుక మీద వేసుకున్న పాపాన పోలేదు. గడియారం లాంటి కడుపు ఆయనది, పొద్దున ఆరున్నరకి పిలిచినట్టు వస్తుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఇక్కడ సొమ్ము కూడా కాదు, సాక్షాత్తు ఆమె పేగులు.

ఈ పని ఆమెకి అత్తగారి నుంచి వచ్చింది. పెళ్లయిన మూడో వారంలో, ఆదివారం సాయంత్రం ఆరు గంటలకి, అత్తగారు గోరువెచ్చని నీళ్ల గ్లాసూ ఒక చెంచా పొడీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. "ఈ ఇంట్లో కోడలి పొట్టే త్రాసమ్మా. ముప్పయ్యేళ్లు నాది తూగింది. ఇక నావల్ల కాదు" అంది. కొత్త కోడలు, నోట్లో నాలుక లేని పిల్ల, గడగడా తాగేసింది. మర్నాడు ఆమె బాత్రూముకీ పడకగదికీ మధ్య తిరుగుతుంటే అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని, గుమ్మంలో చెప్పులేసుకుంటూ కనపడింది. ఎక్కడికో అడిగితే, "ఎక్కడికైనా. ఇవాళ సోమవారం" అని నవ్వింది. ఆ నవ్వు ఏమిటో అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి అత్తగారు లేదు, కోపం తెచ్చుకోవడానికి కూడా మనిషి మిగలలేదు.

అప్పటినుంచి ఆమెకి సోమవారాలు లేవు. సోమవారం నాడు జరిగిన పెళ్లిళ్లకి ఆమె వెళ్లలేదు. సోమవారం ఇంటర్వ్యూ అని, దగ్గర్లోని బడిలో గుమాస్తా ఉద్యోగం వదులుకుంది. "నీకు ఇంట్లో పనేం తక్కువైందని?" అన్నాడు భర్త. పనేం తక్కువ కాలేదు. ఆకు ఏరడం, ఆరబెట్టడం, దంచడం, జల్లించడం, డబ్బాలకి నింపి చీటీలు అంటించడం. దుమ్ము ముక్కుల్లోకి పోయి తుమ్ముతుంటే, "గదిలో మనుషులున్నారు, కాస్త అవతలికెళ్లి తుమ్ము" అనేవాడు. ఆ గదిలో ఉన్న మనుషులు ఆయన్ని ఇంటర్వ్యూ చేయడానికి వచ్చిన పత్రికల వాళ్లు.

క్యాన్సర్ ఆస్పత్రిలో చివరి వార్డుకి డబ్బాలు చేరవేసేది కూడా ఆమే. గుమ్మం మీద ఉపశమన విభాగం అని రాసి ఉంటుంది గానీ, అందరూ చివరి వార్డు అనే అంటారు. అక్కడి ఆయాకి ఆమే నేర్పింది, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో. "వాంతులవుతున్నా, కడుపు ఉబ్బి గట్టిగా ఉన్నా, గాలి కూడా పోకపోయినా మందు ముట్టుకోవద్దు. లోపల పేగు మూసుకుపోయి ఉంటుంది. ముందు డాక్టరుగారిని పిలువు" అని పదిసార్లు చెప్పించుకుంది. ఒకసారి తొమ్మిది రోజులు అవస్థపడిన ఒక లెక్కల టీచరమ్మ, మందు పనిచేశాక, తలగడ మీద వాలి ఆమె చెయ్యి పట్టుకుని, "మా ఆయన పోయినప్పుడు కూడా ఇంత తేలిక పడలేదమ్మాయ్" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ టీచరమ్మ ఆ నెల్లోనే పోయింది. వైద్యుడి పేరు చెప్పి దండం పెట్టి మరీ పోయింది.

ఇవన్నీ ఆమె మింగింది. మింగడం అలవాటైన మనిషి. మింగలేకపోయింది ఒక్కటే.

ఎనిమిదేళ్ల కిందట ఆమె తల్లికి అదే జబ్బు. అన్నగారింట్లో ఉండేది, బస్సులో రెండు గంటల దూరం. మార్ఫిన్ మొదలుపెట్టాక పదకొండు రోజులు కడుపు కదలలేదు. శనివారం అన్న ఫోన్ చేసి, "ఒక్క డబ్బా పట్టుకురావే, అమ్మ నీ పేరే కలవరిస్తోంది" అన్నాడు. ఇంట్లో ముప్పయ్యారు డబ్బాలున్నాయి. భర్త ఒక్కటి కూడా తీయనివ్వలేదు. "అవి వార్డుకి మాటిచ్చినవి. మంగళవారం ఫొటోలు తీస్తున్నారు, వరసలో ఖాళీ కనపడితే బాగుంటుందా? కొత్త విడత దంచావుగా, అందులోంచి పట్టుకెళ్లు" అన్నాడు. సరే, ఇప్పుడే వెళ్తానంది. "చూడకుండా మీ అమ్మకే ఇస్తావా? నువ్వేం మనిషివి?" అన్నాడు. ఆ మాటకి ప్రయాణం మానుకుంది. ఆదివారం సాయంత్రం వేసుకుంది. ఆ విడత ఆకు రాక్షసి ఆకు. సోమవారం తెల్లారేసరికి కాళ్లు నిలబడలేదు, బస్సు కాదు గదా వీధి గుమ్మం దాకా వెళ్లే ఓపిక లేదు. బాత్రూము గోడకి తల ఆనించి కూర్చుని, హాల్లో ఫోన్ మోగడం, భర్త "ఒంట్లో బాగాలేదు, రేపు వస్తుందిలెండి" అనడం విన్నది. తల్లి ఆ సాయంత్రం నాలుగింటికి పోయింది. కడుపు రాయిలా పట్టుకుని, మెలికలు తిరుగుతూ పోయిందని వదిన తర్వాత చెప్పింది.

మంగళవారం ఆమె బస్సుకి బయల్దేరుతుంటే భర్త గుమ్మంలో ఆపాడు. ఓదార్చడానికి కాదు. "మొత్తం ఎన్నిసార్లు అయింది?" అని.

చెప్పింది. తొమ్మిదిసార్లు అని చెప్పి, చెప్పులేసుకుని వెళ్లింది. ఎందుకు చెప్పానా అని ఎనిమిదేళ్లుగా తనని తాను తిట్టుకుంటూనే ఉంది.

ఆ ఇంటికే ఆ జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి వైద్యుడికే. కనుక్కునేసరికి ఎముకల దాకా పాకింది. రెండు నెలలు తిప్పలు పడ్డాక చివరి వార్డులో, కిటికీ పక్క మంచం మీద చేర్చారు. ఊళ్లో వాళ్లంతా "అయ్యో, ఎంతమంది బాధ తీర్చిన చెయ్యి" అని కళ్లొత్తుకున్నారు. ఆమె కూడా ఏడ్చింది. ఇరవై రెండేళ్లు ఒకే కప్పుకి కాఫీ కలిపిన చెయ్యి ఊరికే ఉండదు కదా. కానీ ఆ ఏడుపు అడుగున ఇంకేదో ఉందని, అది ఏడుపు కాదని కూడా ఆమెకి తెలుసు.

మార్ఫిన్ మొదలైన ఆరో రోజుకి గడియారం ఆగిపోయింది. కడుపు కదలడం లేదు. తనదాకా వస్తే గాని తెలియదంటారు, ఆయనకి మొదటిసారి తెలిసింది. గురువారం డాక్టరుగారు, ముప్పై ఐదేళ్లుంటాయేమో, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న చురుకైన మనిషి, రౌండ్లకి వచ్చి, "మా దగ్గర సిరప్ ఉంది, ఇవాళే మొదలుపెడదామా?" అంది.

ఆయన ఒప్పుకోలేదు. "నేను ఆస్పత్రి సిరప్ తాగానని తెలిస్తే జనం ఏమంటారు డాక్టరమ్మా? నా మందే నాకు మందు. ఇదిగో, కొత్త విడత తయారుచేసి పట్టుకురా" అన్నాడు భార్యతో. పాత డబ్బాలన్నీ అయిపోయాయి, ఆయన మంచాన పడ్డాక ఆమె దంచలేదు.

డాక్టరుగారు ఆమెని వరండాలోకి పిలిచింది. "కొత్త విడత అయితే శాంపిల్ కాస్త మా ల్యాబుకి ఇవ్వండమ్మా. ఆకులో మందు బలమెంతో చూసి చెబుతారు. పెద్ద పనేం కాదు, రెండు మూడు రోజులు. రేపిస్తే మధ్యలో సెలవు కాబట్టి సోమవారానికి వస్తుంది."

ఆమెకి ఆ మాట ఒక్కసారిగా ఎక్కలేదు. "ల్యాబులో తెలుస్తుందా? ఎవరూ వేసుకోకుండా?"

"ఎందుకు తెలియదు? ఇది కొత్తదేం కాదు. పదేళ్ల కిందటే మా పాత డాక్టరుగారు మీవారికి చెప్పారట, ప్రతి విడతా ఉచితంగానే చూసి పెడతామని. ఆ ఉత్తరం మా ఫైల్లో ఇప్పటికీ ఉంది. మీవారే వద్దన్నారు. నా ఒళ్లే నా ప్రయోగశాల అని జవాబు రాశారు." డాక్టరుగారు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందమ్మా? కూర్చుంటారా?"

కూర్చుంది. వరండాలో ఇనుప కుర్చీ చల్లగా ఉంది. పదేళ్లు. అమ్మ పోయి ఎనిమిది. అంటే అమ్మ పోవడానికి రెండేళ్ల ముందే, ఏ ఆడదాని పేగులూ అక్కర్లేకుండా, ఒక గాజు గొట్టంలో తేలిపోయే పని అది. ఆ సోమవారం ఆమె బాత్రూము గోడకి తల ఆనించి కూర్చోవలసిన అవసరమే లేదు. పదేళ్ల సోమవారాలన్నీ ఆయన ఒక వాక్యం కోసం తీసుకున్నాడు, సభల్లో చెప్పుకోవడానికి బాగుంటుందని. ఆమె కడుపులో ఏదో భగ్గుమంది. ఇన్నేళ్లు ఆ కడుపులో మంటలు రకరకాలవి చూసింది గానీ ఇది ఏ ఆకు వల్లా వచ్చింది కాదు. ఈ మనిషి చచ్చిపోకముందే దీనికి బదులు చెప్పాలి అనుకుంది. అంత స్పష్టంగా, ఆ మాటల్లోనే అనుకుంది, అలా అనుకున్నందుకు సిగ్గుపడలేదు.

ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి ఆకు ఏరింది. శుక్రవారం మధ్యాహ్నానికి దంచి, జల్లించి, శాంపిల్ పొట్లం కట్టి ల్యాబులో ఇచ్చి వచ్చింది.

శనివారం పొద్దున మేనల్లుడు తలుపు తట్టాడు. ఆమె తలుపు తీయడానికి కాస్త ఆలస్యమైంది. అతను భర్త అక్క కొడుకు, ముప్పై రెండేళ్లవాడు, మామ తర్వాత ఆ పేరూ ఆ డబ్బాలూ తనవేనని అందరికీ చెప్పుకుంటున్నాడు. సోఫాలో కూర్చుని నోట్‌బుక్ తెరిచి పెన్ను మూత తీశాడు.

"అత్తయ్యా, పాళ్లు చెప్పండి, రాసుకుంటాను. మామయ్యనడిగితే, అన్నీ మీ అత్తయ్యకి చెప్పి ఉంచాను అన్నారు."

"అలాగా. చెప్పి ఉంచారా?"

"ఆకు ఎంత?"

"ఆకుని బట్టి."

"పోనీ, కాయ?"

"అదీ ఆకుని బట్టే."

"ఆకు బలం ఎలా తెలుస్తుంది మరి?"

"చెంచాడు వేసుకుంటే తెలుస్తుంది. ఆదివారం వేసుకో, సోమవారం చెబుదువుగాని."

అతను పెన్ను మూత పెట్టేశాడు. "సోమవారం నాకు మీటింగులుంటాయి అత్తయ్యా."

"సోమవారాలు అందరికీ ఉంటాయి బాబూ."

ఒక్క నిమిషం ఆలోచించాక అతని మొహం విప్పారింది. "ఓస్, ఇంతేనా! మా ఆవిడ వేసుకుంటుందిలెండి. ఇంట్లోనే ఉంటుందిగా, తనకి పనేముంది?"

మేనల్లుడి భార్యని ఆమె నాలుగైదుసార్లు చూసింది. గలగలా మాట్లాడే పిల్ల, బట్టలు కుట్టడం నేర్చుకుంటోంది, కొత్త జాకెట్టు కుట్టినప్పుడల్లా ఫొటో తీసి పంపిస్తుంది. త్రాసు తయారుగా ఉందన్నమాట. అత్తగారు చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నవ్విన నవ్వు ఇప్పుడు తన మొహం మీదికి రావాలి, అంతేగా. ఆమె లేచి, "సోమవారం ఎనిమిదింటికి వార్డుకి రా. పాళ్లు అక్కడ అందరి ముందూ చెబుతాను" అంది. అతను సంతోషంగా వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున ఆమె డాక్టరుగారితో వరండాలో ఐదు నిమిషాలు మాట్లాడింది. డాక్టరుగారు లోపలికి వచ్చి ఆయన పొట్ట నొక్కి, చెవిగొట్టం పెట్టి విని, వాంతులున్నాయా, గాలి పోతోందా అని అడిగి, "పేగు మూసుకోలేదు. మీ మందు సాయంత్రం వేసుకోవచ్చు" అని చెప్పింది.

సాయంత్రం ఆరు గంటలకి ఆమె గోరువెచ్చని నీళ్లలో చెంచా పొడి కలిపి, మంచం పక్కన బల్ల మీద పెట్టింది. ఆయా పక్క దుప్పటి సర్దుతోంది. ఆయన గ్లాసు అందుకుని, అలవాటుగా అడిగాడు.

"ఎన్ని గంటలకి?"

"ఏది?"

"అదే. నీకు ఎన్ని గంటలకి అయింది?"

"ఈ ఆదివారం నేను వేసుకోలేదు."

గ్లాసు ఆయన చేతిలో ఆగిపోయింది. "వేసుకోలేదంటే?"

"మానేశాను."

"చూడకుండా నాకిస్తావా? నువ్వేం మనిషివి?"

ఆ మాట కోసమే ఆమె ఎనిమిదేళ్లు ఎదురుచూసిందేమో. సంచిలోంచి పాత ఖాళీ డబ్బా తీసి, కళ్లజోడు పెట్టుకుని, చీటీ మీది వాక్యం పైకి చదివింది. "ప్రతి విడతా వైద్యులు స్వయంగా తమ ఒంటి మీద పరీక్షించిన మందు. మీరు రాసిందే కదండీ. ఎప్పటిలాగే మీరే చూడండి."

ఆయా దుప్పటి సర్దడం ఆపి ఆయన వంక చూసింది. ఆవిడ కళ్లలో భక్తి. "నిజమే కదా బాబుగారూ, మీరు చూడని మందు ఎవరికీ ఇవ్వరని మేమంతా చెప్పుకుంటాం" అంది.

ఆయన తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. కక్కలేడు, మింగలేడు. గొంతు తగ్గించి, "ఎక్కువైతే?" అన్నాడు.

"ఎక్కువైతే తెలుస్తుంది."

"ఎవరికి?"

"మీకే."

"సిరప్ ఇమ్మని చెప్పు."

"చెబుతాను. ఆయాని కూడా సాక్ష్యం పెట్టి, వైద్యుడుగారు తన మందుకి భయపడి సిరప్ అడిగారని డాక్టరుగారికి చెబుతాను. చెప్పమంటారా?"

ఏకు మేకైందని ఆయన మనసులో అనుకునే ఉంటాడు. చాలాసేపు గ్లాసు వంక చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. అడుగున పేరుకుంటున్న ఆకుపచ్చని మడ్డి, దాని వాసన, తాగాక తెల్లారేదాకా ఒంట్లో ఏం జరుగుతుందోనన్న దిగులు, ఏం జరిగినా అది తన ఒక్కతి గొడవే అన్న ఒంటరితనం. వెయ్యికి పైగా ఆదివారాలు ఆమె ఆ గ్లాసులోకి అలాగే చూసింది. ఆయన కళ్లు మూసుకుని తాగాడు. తాగి, "ఇక్కడే ఉంటావుగా?" అన్నాడు.

"ఎందుకూ? నేనున్నా మీ కడుపు మీదే. పొద్దున వస్తాను."

ఆయాకి చేయవలసినవన్నీ చెప్పింది, పిలుపు గంట ఆయన చేతికి అందేలా పెట్టింది. ఇంటికెళ్లి, భోంచేసి, ఎనిమిదిన్నరకల్లా పడుకుంది. ఆయనకి ఆ రాత్రి ఎలా గడుస్తుందో తలుచుకుంటే జాలి వేస్తుందేమోనని చూసింది. వేయలేదు. హాయిగా నిద్రపట్టింది.

సోమవారం ఎనిమిదింటికి ఫ్లాస్కులో కాఫీ, చేతిలో పేపరు పట్టుకుని వార్డుకి వచ్చింది. మేనల్లుడు అప్పటికే నోట్‌బుక్‌తో సిద్ధం. డాక్టరుగారూ, వెంట ఇద్దరు కుర్ర డాక్టర్లూ రౌండ్లలో ఉన్నారు. ఆయన తలగడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం పీక్కుపోయింది, కళ్ల కింద నల్లగా ఉంది, కానీ నుదుటి మీద వారం రోజులుగా ఉన్న ముడత పోయింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. తనకి కాఫీ వంపుకుంది. పేపరు విప్పింది. తలెత్తకుండా, గది అంతటికీ వినపడేలా అడిగింది.

"ఎన్ని గంటలకి?"

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"మిమ్మల్నేనండీ. వేసుకున్న ఎన్ని గంటలకి?"

డాక్టరుగారు కూడా కాగితం మీద పెన్ను ఆనించి ఎదురుచూస్తోంది. తప్పదు.

"...తొమ్మిది."

"మెలిపెట్టిందా?"

"లేదు."

"ఎన్నిసార్లు?"

మేనల్లుడు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు. కుర్ర డాక్టర్లలో ఒకడు దగ్గాడు. ఆయన మొహం ఎర్రబడి, తెల్లబడి, చివరికి గోడవైపు తిరిగి, "ఒకసారి" అన్నాడు.

ఆమె "ఊఁ" అని పేజీ తిప్పింది.

"నీకు నా మీద ఇంత కసి ఉందని ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు ఆయన, గోడకే చెబుతున్నట్టు.

"ఉంది" అంది ఆమె. "మా అమ్మ పోయిన సోమవారం నుంచి ఉంది. ల్యాబు ఉత్తరం సంగతి గురువారం తెలిసింది, అప్పటినుంచి రెట్టింపు ఉంది."

ల్యాబు అనగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. డాక్టరుగారు ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. "ఫలితం వచ్చిందమ్మా. బలం సరిగ్గా ఉంది. ఇక మీదట ఇలాగే ప్రతి విడతా పంపించండి. ఎవరూ వేసుకుని చూడక్కర్లేదు. వార్డు రికార్డులో రాసుకోవాలి, తయారుచేసింది ఎవరని రాయమంటారు?"

"మామయ్య పేరు రాయండి" అన్నాడు మేనల్లుడు గబుక్కున. "తర్వాత నా పేరు."

"నా పేరు రాయండి" అంది ఆమె. పేపరు మడిచి పక్కన పెట్టింది. "ఏరేది నేను, దంచేది నేను, కలిపేది నేను. పాళ్లు ఆకుని బట్టి మారతాయి, అవి ఆయాకి నేర్పిస్తాను, మీ వాళ్లెవరికి కావాలన్నా నేర్పిస్తాను, దాపరికం లేదు. పరీక్షించింది అన్నచోట మీ ల్యాబు పేరు రాయండి. డబ్బా మీద ఆ వాక్యం మాత్రం కొట్టేయండి." మేనల్లుడి వైపు తిరిగింది. "నువ్వు ఆ నోట్‌బుక్ మూసేయ్. మీ ఆవిడకి నిన్ననే ఫోన్ చేసి అంతా చెప్పాను. చెంచా తన ముందు పెట్టి చూడు, ఏం జరుగుతుందో."

మంచం మీంచి సన్నగా వినపడింది. "మరి నా పేరు?"

"రోగి అన్నచోట రాశారు కదండీ" అంది ఆమె.

ఆమె ఫ్లాస్కులో మిగిలిన కాఫీ ఆయన కప్పులో పోసి, ఆయాని తాగించమని చెప్పి, చేతిసంచి తీసుకుని లేచింది. ఎక్కడికని ఆయా అడిగితే, మా అన్నయ్య వాళ్లింటికి, సాయంత్రానికి వచ్చేస్తానంది. మెట్లు దిగి, ఆస్పత్రి గేటు దాటి, బస్‌స్టాపులో నిలబడింది. సోమవారం పొద్దున వీధులు ఇలా ఉంటాయని ఆమె మర్చిపోయింది. బడి పిల్లలు, ఆఫీసు వాళ్లు, అందరికీ ఎక్కడికో తొందర.

తొమ్మిది గంటలు, మెలిపెట్టకుండా, ఒక్కసారి. తనకీ సరిగ్గా అంతే అయింది. శుక్రవారం సాయంత్రం, ల్యాబు నుంచి వచ్చాక, ఆఖరిసారిగా ఒక చెంచా కలుపుకుని తాగి కూర్చుంది, చూడని మందు ఏ రోగి నోట్లోనూ పోయడం ఆమెకి చేతకాదు కనుక. ఆ సంగతి ఆదివారం పొద్దున డాక్టరుగారికి చెప్పింది. ఆయనకి మాత్రం చెప్పలేదు.